టేపు మీది మూడు గీతలు

ఎల్‌బీనగర్‌లో మాకు అల్యూమినియం కిటికీల వర్క్‌షాపు ఉంది. నిరుడు బడంగ్‌పేట్‌లో ఒక ఇంటికి మూడు మీటర్ల అద్దం బిగించబోతే ఫ్రేములో పట్టలేదు. మూడు మిల్లీమీటర్లు ఎక్కువైంది. అది టఫెన్డ్ గ్లాసు, మళ్లీ కోయడం కుదరదు.

అద్దానికి కొలత ఇచ్చింది యాదగిరి. పన్నెండేళ్లుగా మా దగ్గరే పని. ఈమధ్య ఎదుటి కిటికీల షాపతనితో చాయ్ తాగుతూ కనిపించేవాడు. నాకెందుకో అప్పటినుంచీ అనుమానమే.

"ఎవరు చేయించారయ్యా నీతో ఈ పని?" అని ఇంటివాళ్ల ముందే నిలదీశాను.

 అతను తన టేపునూ, ఫ్రేము కొలిచి కోసిన టేపునూ నేలమీద పక్కపక్కన పరిచాడు. రెండూ కొత్తవే, ఒకే పెట్టెలోవి. మూడు మీటర్ల గీతలు మాత్రం కలవలేదు.

అంటే దొంగ ఆ టేపులు పంపిన సప్లయరే! వెంటనే దిల్‌సుఖ్‌నగర్‌కు ఫోన్ కలిపి, అందరూ వినాలని స్పీకర్ పెట్టి, రెండు టేపులకూ మూడు మిల్లీమీటర్లు తేడా వస్తోందని, నకిలీ సరుకు అంటగట్టావని అరిచాను.

"నకిలీ కాదు మేడం. టేపు మొదట్ల రోమన్ అంకె లెక్క మూడు గీతలుంటయ్ చూడుండ్రి, అంటే మూడో క్లాసు. దాంట్ల గంత తేడా ఉంటది. తేడా తక్కువుండే రెండో క్లాసు పంపాల్నా అని అడిగిన. టేపుకు క్లాసులేందని మీరే నవ్విండ్రు గద!"

అందరూ విన్నారు.

ఇప్పుడు రెండో క్లాసువే తెప్పిస్తున్నాను. యాదగిరి ఏ ఇంట్లో కొలత తీసినా ముందు టేపు నా ముందు పెట్టి, "రెండు గీతలే మేడం, చూసుకోండ్రి" అంటాడు. టేపు చూస్తాను. అతని ముఖంలోకి మాత్రం చూడలేను.