హెడ్‌మాస్టరు గారి చేతిలో తడిగుడ్డ

నా చిన్నప్పుడు మేము అమెరికాలోని ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మ ఆ దగ్గర్లోనే జపాన్ వాళ్ళ బడిలో ఇంగ్లిష్ టీచరు. కొన్నేళ్ళ ఉద్యోగం మీద అమెరికా వచ్చిన జపాన్ కుటుంబాల పిల్లలు అక్కడ చదివేవారు. టీచర్లలో జపాన్ మనిషి కానిది అమ్మ ఒక్కతే. అప్పటికి నాన్న ఉద్యోగం పోయింది. అమ్మది ఇంకా పర్మనెంట్ కాలేదు. అదీ పర్మనెంట్ కాకపోతే ఇల్లు ఖాళీ చేయక తప్పదని అమ్మా నాన్నా వంటింట్లో గుసగుసలాడుకుంటుంటే విని, నాకు అన్నం సహించేది కాదు.

మా స్కూలుకి సెలవైతే అమ్మ నన్నూ తనతో తీసుకెళ్ళేది. నోరు మెదపకుండా కూర్చోవాలని దారి పొడవునా చెప్పేది. ఆ స్టాఫ్‌రూమంటే నాకు చచ్చేంత భయం. బల్లలన్నీ ఎదురెదురుగా కలిపి వేసి ఉంటాయి, చివర హెడ్‌మాస్టరు గారి కుర్చీ. పని అయిపోయినా ఆయన లేచేదాకా ఎవరూ లేవరు. పక్క సీటు టీచరమ్మ ఏం చేస్తే అమ్మా అదే చేసేది. హెడ్‌మాస్టరు గారు ఎవరినీ ఒక్క మాట అనగా నేను వినలేదు. అరిచే మనిషైతే ఎప్పుడు అరుస్తాడో కాస్త తెలుస్తుంది, ఈయనతో ఆ వీలూ లేదు.

సాయంత్రం గంట కొట్టాక పిల్లలూ టీచర్లూ కలిసి బడంతా శుభ్రం చేస్తారు. అమ్మ ఎప్పుడూ తన క్లాసులోనే ఉండి బోర్డు తుడిచేది. ఒక రోజు మాత్రం బకెట్ కోసం నాతో వరండాలోకి వచ్చింది. అక్కడ హెడ్‌మాస్టరు గారు చొక్కా చేతులు మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల వరసలో నేల తుడుస్తున్నారు.

మా అమ్మ పెరిగిన ఇంట్లో పెద్దవాళ్ళు నేల తుడుస్తుంటే చిన్నవాళ్ళు నిలబడి చూడటమనేది లేదు. "అయ్యో సార్, మీరెందుకు! ప్లీజ్, ఇటివ్వండి" అంటూ ఒక్క అంగలో వెళ్ళి ఆయన చేతిలోని గుడ్డ లాక్కుంది.

వరండా అంతా ఆగిపోయింది. పిల్లల చేతులు ఎక్కడివక్కడే నిలిచాయి. ఆయన ఖాళీ చేతులతో అలాగే కూర్చుండిపోయారు. తర్వాత మెల్లగా లేచి, తలవంచి, లోపలికి వెళ్ళిపోయారు.

స్టాఫ్‌రూములో ఎవరూ అమ్మ వైపు చూడలేదు. "ఏం తప్పు చేశానే నేను?" అని అమ్మ నన్నే అడిగింది. నాకేం తెలుసు? ఇల్లు ఖాళీ చేస్తే నా సైకిలు తీసుకెళ్ళనిస్తారా అని నేను లోపల్లోపలే ఏడుస్తున్నాను. చివరికి హెడ్‌మాస్టరు గారు తన కుర్చీలోంచి లేచి, మా ఇద్దరినీ రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. అమ్మ చీర కొంగు పట్టుకుని వెళ్ళాను.

ఆయన మమ్మల్ని గదిలోకి తీసుకెళ్ళలేదు. వరండా చివర బకెట్ దగ్గర ఆగారు. ఒక గుడ్డ తడిపి పిండి తాను ఉంచుకున్నారు. ఇంకొకటి పిండి అమ్మకిచ్చారు. నన్ను చూసి, మూడోది సగానికి మడిచి నా చేతిలో పెట్టారు. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని తన పక్కన నేల తట్టి చూపించారు.

"నేనూ దీని మీద నడిచాను కదా, టీచర్" అన్నారు ఇంగ్లిష్‌లో, ఒక్కో మాట వెతుక్కుంటూ. "నా పని తీసుకోవద్దు. పక్కన చోటుంది."

ముగ్గురం ఆ చివర నుంచి ఈ చివరకు తుడిచాం. నా గుండె దడ తగ్గడానికి వరండా అంతా పట్టింది. అమ్మ ముక్కు ఎగబీలుస్తూ తుడిచింది. ఆ ఉద్యోగం ఆమెకు నిలిచింది, రిటైరయ్యేదాకా అక్కడే చేసింది.

ఇప్పుడు ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో నేనే పెద్దదాన్ని. నేను వంటింటి గట్టు తుడుస్తుంటే మనవరాలు పరుగున వచ్చి, "అమ్మమ్మా, నువ్వు కూర్చో, నేను చేస్తా" అని గుడ్డ లాక్కుంటుంది. ప్రేమతోనే లాక్కుంటుంది, మా అమ్మలాగే. ఖాళీ అయిన నా చేతులు చూసుకుంటే ఆ రోజు ఆయన అలా కూర్చుండిపోవడం గుర్తొస్తుంది. గుడ్డ వెనక్కి తీసుకుని, కాస్త పక్కకు జరిగి అంటాను: "నువ్వూ ఒకటి తెచ్చుకోవే. పక్కన చోటుంది."