అల్లుడుగారి రికార్డు

చెత్తకొండ మీద ఆవిడను అందరూ గ్యాసక్క అంటారు. ఆ పేరు పెట్టినవాడు దొరికితే చెవి మెలిపెట్టాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉంది. కుళ్ళిన చెత్తలో పుట్టే గ్యాసు ఊరికే గాలిలో కలిస్తే వాతావరణానికి చేటు. అందుకని కొండ నిండా బోరుగొట్టాలు దింపి, ఆ గ్యాసును లాగి, కింద షెడ్డులో ఉన్న ఇంజనుకు పెట్టి కరెంటు తీస్తారు. ఏ బోరు నుంచి ఎంత లాగాలో చూసి వాల్వులు తిప్పడం గ్యాసక్క పని. ఇంజను నడిపేది ఆవిడ మొగుడు. తంటా అంతా అక్కడే వచ్చింది.

కరెంటు మీటరులో ముల్లు పైకి లేస్తే చాలు, ఆయనకు కడుపు నిండిపోతుంది. పొద్దున్నే ఫోను చేస్తాడు.

"ఇంకొంచెం వదలవే."

"ఇంకొంచెం లాగితే బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలి తగిలితే చెత్త లోలోపలే రాజుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?"

"నీకన్నీ భయాలే."

భయమే మరి. మునుపోసారి అలాగే రాజుకుంది. వాళ్ళ ఇల్లు కొండ కిందే. ఇంట్లో ఉబ్బసంతో బాధపడే ఆవిడ తల్లి. ఆ పొగకు ముసలావిడ ఊపిరందక గిలగిల్లాడడం గ్యాసక్క మరిచిపోలేదు. పక్కనే నిలబడి చూసిన మొగుడు మాత్రం శుభ్రంగా మరిచిపోయాడు.

ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, గ్యాసక్క జ్వరమొచ్చి పడుకుంది. ఆయన కొండెక్కి వాల్వులన్నీ బార్లా తెరిచేశాడు. ముల్లు ఎన్నడూ లేనంత పైకి లేచింది. మేనేజరు భుజం తట్టాడట. ఆ సంబరం ఇంటికొచ్చి ఒకటికి రెండుసార్లు చెప్పాడు గానీ, వాల్వుల ఊసెత్తలేదు.

మర్నాడు గ్యాసక్క మొదటి గొట్టం మీద చెయ్యి వేసి చటుక్కున లాక్కుంది. చుర్రుమంది. పక్కన నేల బీటల్లోంచి పొగ వస్తోంది. కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి. వాల్వులు బిగించి, బుల్డోజరు డ్రైవరును కేకేసి బీటల మీద మట్టి కప్పించింది. గ్యాసు చాలక ఇంజను ఆగిపోయింది.

"ఆపేశావేంటే? నా రికార్డు ఏం కాను?" అన్నాడు మొగుడు పరుగున వచ్చి.

"నెత్తిన పెట్టుకుని ఊరేగండి."

ఆవిడ ఇల్లు చేరేసరికే పొగ అక్కడుంది. తల్లి మంచం పట్టె పట్టుకుని దగ్గుతోంది. గ్యాసక్క కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కూరి, మందు పీల్పించింది. తల్లికి కాస్త ఊపిరాడాక, అల్లుడి నిర్వాకమంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తల్లి కళ్ళు తుడుచుకుంటూ విన్నది.

"అంత కొండా... అల్లుడుగారు ఒక్కరే ఎక్కారా? పాపం!"

గ్యాసక్క జారిన తడిగుడ్డను కిటికీ సందులోకి కసిగా కుక్కింది.

"ఇకనుంచి జ్వరమొచ్చినా పనిలోకి వెళ్ళవే," అంది తల్లి, దగ్గు ఆపుకుంటూ. "అన్నీ ఆయన మీదే పడేస్తే ఎలా?"