కింది ఫ్లాట్‌లో జలాంతర్గామి

అసలు జలాంతర్గామిని డెబ్బై రెండో వంతుకు తగ్గిస్తే తొంభై మూడు సెంటీమీటర్లు వస్తుంది. మూడడుగుల మీద అరంగుళం పైచిలుకు. హైదరాబాద్ తార్నాకలో మా కింది ఫ్లాట్‌లో ఉండే సార్ భోజనాల బల్ల పొడవు నాలుగడుగులు. పడవ పెట్టాక ఒక్క కంచానికి మాత్రమే చోటు మిగులుతుంది. అట్టపెట్టె విప్పిన రోజే ఈ లెక్క ఆయనకు చెప్పాను.

"ఒక్కణ్ణే కదండీ మాస్టారూ, ఒక్క కంచం చాలు" అన్నారాయన.

ఆయన కోస్తావారు. చిన్న వయసులో నౌకాదళంలో చేరి జలాంతర్గాముల్లో మెకానిక్‌గా పనిచేశారు. బయటికి వచ్చాక ఇక్కడి యూనివర్సిటీలో ఒక ఇంజనీరింగ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. ఆయనది రెండో అంతస్తు, మాది మూడు. లిఫ్టు లేదు.

నేను దగ్గర్లోని ఒక కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ తయారయ్యే పిల్లలకు లెక్కలు చెబుతాను. లెక్కల్లో నాకు పట్టా లేదు. డిగ్రీ మధ్యలో మానేసి, పాత గైడ్లు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. ఇన్నేళ్లుగా అవే రైళ్లు అవే వంతెనలు దాటుతున్నాయి, అవే కుళాయిలు అవే తొట్లను నింపుతున్నాయి, అవే పడవలు ఏటికి ఎదురెళ్తున్నాయి. పొద్దుటి బ్యాచ్ అయ్యేసరికి గొంతు పోతుంది. మధ్యాహ్నం పడుకుంటే నిద్ర రాదు. అందుకే ఆయన పిలిస్తే దిగి వెళ్లాను.

పిలవడానికి కారణం ఆయన చేతులు. కొంతకాలంగా రెండూ వణుకుతున్నాయి. మందులు వాడుతున్నారు కానీ పెద్దగా తేడా లేదు. ఒకరోజు అన్నం వారుస్తుంటే గిన్నె జారి, గంజి మణికట్టు మీద పడింది. విశాఖపట్నంలో ఉన్న కూతురు ఆ బొబ్బను వీడియో కాల్‌లో చూసింది. ఇక ఒంటరిగా ఉండొద్దు, నా దగ్గరికి వచ్చెయ్ అంది. చేతులు బాగానే ఉన్నాయన్నారాయన. ఈ వాదన కొన్నాళ్లు నడిచింది. చివరికి ఆమె ఈ ప్లాస్టిక్ కిట్ కొని పంపింది. రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ జలాంతర్గామి. ఆయన పనిచేసిన రకం కాదు, అంత పెద్ద సైజులో దొరికింది అదే.

"బాగున్నాయంటున్నావు కదా నాన్నా. వేసవి సెలవులకి వస్తాను. అప్పటికి ఇది నీ చేత్తో చేసి చూపించు. చేస్తే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను. చెయ్యలేకపోతే మాత్రం నోరెత్తకుండా నా కారెక్కాలి."

ఆమె సగం వేళాకోళంగా అన్నదేమో. ఆయన మాత్రం ఒప్పందంగానే తీసుకున్నారు. పొద్దున్నే క్యాంపస్‌లో నడక, తర్వాత ల్యాబ్‌లో మిగిలిన పాతవాళ్లతో టీ, తిరిగి వస్తూ కూరగాయలు. ఆయన రోజు అంతే. అది ఇక్కడైతేనే ఉంటుంది.

మొదటిరోజు ఆయనే కూర్చున్నారు. ప్లాస్టిక్ చట్రం నుంచి చిన్న చక్రాన్ని కట్టర్‌తో తెంపబోతే అది ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. చీపురుపుల్లతో తీసి ఇచ్చాను. రెండోసారి ప్లాస్టిక్‌తో పాటు బొటనవేలి చర్మమూ తెగింది.

"మాస్టారూ, కొంచెం పట్టుకుంటారా?" అన్నారు.

పట్టుకోవడంతో మొదలైంది. నెల తిరిగేసరికి కోయడం, అతికించడం అంతా నేనే చేస్తున్నాను. ఆయన పక్కన కూర్చుని చెబుతున్నారు.

అసలు కష్టం గాట్లతో వచ్చింది. జలాంతర్గామి పక్కల పొడవునా సన్నటి గాట్లు వరసగా ఉంటాయి. మా కిట్‌లో వాటి గుర్తులు మాత్రమే ఉన్నాయి, రంధ్రాలు లేవు. ఒక్కో గాటుకు రెండు చివరలా చేతి డ్రిల్లుతో బెజ్జం పెట్టి, మధ్యలో బ్లేడుతో కోసి, సన్న ఆకురాయితో సాపు చేయాలి. రెండు పక్కలా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. ఆ సంఖ్య ఆయనకు చెప్పలేదు. చెబితే నాకే ఓపిక పోతుందనిపించింది.

"వదిలేద్దాం సార్. నల్లరంగు పూస్తే బెజ్జం లెక్కనే కనబడ్తది. ఎవరు చూస్తరు?" అన్నాను. క్లాసులో పిల్లలకు నేను రోజూ చెప్పేదీ ఇదే. టైం తినే లెక్క వచ్చిందా, వదిలెయ్, తర్వాతి దానికి పో.

"అది మీ పరీక్ష హాల్లో చెల్లుతుంది మాస్టారూ. గాట్లు మూసేస్తే పడవ మునగదు."

"మునగకపోతే మంచిదే కద సార్."

"దీన్ని కట్టిందే మునగడానికండీ." కాగితం మీద గీసి చూపించబోయారు. గీత అలలా వచ్చింది. పెన్ను పక్కన పెట్టి నోటితోనే చెప్పారు. బయట చర్మం వేరు, లోపల మనుషులుండే గొట్టం వేరు. దిగేటప్పుడు రెంటికీ మధ్య ఖాళీలోకి ఈ గాట్లలోంచి నీళ్లు వచ్చేయాలి, గాలి బయటికి పోవాలి. గాలి ఇరుక్కుంటే పడవ నీటిపైనే తచ్చాడుతుంది, శత్రువు కంట్లో పడుతుంది. "మొదటిసారి దిగినప్పుడు ఆ నీళ్ల చప్పుడు విన్నాకే నాకు ప్రాణం కుదుటపడింది. మావాడొకడు ఏడ్చాడనుకోండి."

కోశాను. మెడ పట్టేసేది. కళ్లజోడు నుదుటి మీదికి జరిపి కళ్లు నలుపుకుంటే, "ఇవాళ్టికి చాల్లెండి" అనేవారు. ఆ మాట ఆయన నోట వచ్చేదాకా లేచేవాణ్ణి కాదు. పైన మా ఆవిడ ఊరుకునేది కాదు. "ఫ్యాన్ ఖరాబై పదిరోజులాయె. పైన గాలి లేదు, కింద మాత్రం యుద్ధం నడుస్తున్నది."

గాటుకూ గాటుకూ మధ్య ఎంత వదలాలో ముందే గుర్తులు పెట్టుకునేవాణ్ణి. "సగం సూత్ వదుల్తున్న సార్" అన్నాను ఒకసారి. అంగుళంలో ఎనిమిదో వంతును హైదరాబాద్ కర్ర పనివాళ్లు సూత్ అంటారు.

"సూతేమిటండీ, ఉర్దూలో కొలిచినట్టు. నూలు అనండి. మావైపు వడ్రంగులంతా నూలే అంటారు."

"నూలన్నా దారమే, సూతన్నా దారమే కద సార్."

"దారం ఒకటేనండీ. మగ్గం వేరు" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

నాలుగు ముక్కల పైతొడుగును అతికించాక అతుకుల మీద పుట్టీ పెట్టి సాన పట్టాలి. ఇంట్లో దుమ్ము లేస్తోందని, నా బ్యాచ్‌కు ముందే, పొద్దున నడకకు వెళ్లేటప్పుడు పాత దుప్పట్లో చుట్టి క్యాంపస్‌కు పట్టుకెళ్లేవాళ్లం. చెట్ల కింద సిమెంటు బెంచీ మీద పెట్టి, గరుకు కాగితం తడిపి రుద్దాలి. ఇది మాత్రం ఆయన నన్ను ముట్టుకోనివ్వలేదు. "దీనికి నా చెయ్యి మోటారండీ. స్విచ్ వెయ్యక్కర్లేదు, ఆపక్కర్లేదు." నిజంగానే ఆయన రుద్దిన చోట అతుకు ఎక్కడుందో గోరుతో గీరినా తెలిసేది కాదు.

లైబ్రరీకి పోయే పిల్లలు ఆగి చూసేవాళ్లు. కొందరు నా క్లాసువాళ్లే.

"ఏంది సార్ ఇది, రాకెటా?"

"జలాంతర్గామిరా."

"అప్‌స్ట్రీమా, డౌన్‌స్ట్రీమా సార్?"

"నోటిఫికేషన్ రాకపాయె, సార్ ఏకంగా పడవలే కట్టవట్టిండు రా" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు.

"ఇది నీళ్ల కిందనుంచి పోతుంది బాబూ" అన్నారాయన తల ఎత్తకుండా. "మీ మాస్టారి ఫార్ములా దీని దగ్గర పారదు."

పిల్లలు వెళ్లాక కాగితం తడుపుతూ, "వైజాగ్‌లో సముద్రం ఉంది. ఇక్కడ నాకు ఈ బెంచీ ఉంది" అన్నారు.

కూతురు వచ్చే వారం దగ్గరపడింది. రంగులు వేయడం అయింది. తుపాకీ, మెట్లు, పెరిస్కోపు, పైన ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి తీగలు, అన్నీ కూర్చాను. ఇక ఆయనను తయారు చేయాలి. ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలను కూర్చోబెట్టినట్టే ఎదురుగా కూర్చోబెట్టాను.

"మీ అమ్మాయి గాట్లు ఎట్ల కోసినవని అడుగుతది. ఏం చెప్తరు?"

"బ్లేడుతో కోశానంటాను."

"గట్ల ఒక్క ముక్కల చెప్తే నమ్మదు సార్. వరుసగా చెప్పాలె. ముందు బెజ్జం, తర్వాత కోత, తర్వాత ఆకురాయి. కొలత కూడా చెప్పాలె. కొలత చెప్తేనే చేసినట్టుంటది."

బుద్ధిగా నేర్చుకున్నారు. రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. నా దగ్గర చదివిన వాళ్లలో అంత శ్రద్ధగా వల్లెవేసినవాళ్లు తక్కువ.

ఆమె తనే కారు నడుపుకుంటూ వచ్చింది. నేను కిందికి దిగేసరికి బల్ల ముందు వంగి, చేతులు వెనక్కి కట్టుకుని పడవను చూస్తోంది. నన్ను చూసి, "రండి అంకుల్" అంది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని.

"ఎంత బాగుంది నాన్నా! ఈ గాట్లన్నీ నువ్వే కోశావా?"

"నేనేనమ్మా. ముందు రెండు చివరలా బెజ్జం. తర్వాత బ్లేడుతో కోత. తర్వాత ఆకురాయి." ఒక్క క్షణం ఆగి గుర్తు తెచ్చుకున్నారు. "ఒక్కోదానికీ మధ్య సగం సూత్ వదిలి కోశాను."

ఆమె పడవ మీద నుంచి కళ్లు తిప్పింది.

"ఏం వదిలావు?"

"సగం సూత్."

"చిన్నప్పుడు నా పుస్తకాల అలమర చేస్తూ నూలు, నూలున్నర అని ప్రాణం తీసేవాడివి. సూత్ ఎప్పట్నుంచి నాన్నా?"

ఆయన నావైపు చూశారు. పాఠం అప్పజెబుతూ మధ్యలో మరిచిపోయిన పిల్లవాడు ఇలాగే చూస్తాడు. నేను అందించడానికి ఏమీ లేదు. నేర్పిందే నేను.

"అంకుల్, మీరేనా?" అంది.

"కోసిందీ అతికించిందీ నేనేనమ్మా. సాన మాత్రం మొత్తం సార్‌దే. నేను చెయ్యి పెట్టలే."

కోప్పడుతుందనుకున్నాను. వేలితో పడవ వీపు మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా నిమిరింది. "సాన చాలా బాగుంది నాన్నా" అని వంటింట్లోకి వెళ్లింది. ఆయన చేతులు తొడల కింద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఇక దాచాల్సిన పని లేదు.

కాసేపటికి ఆమె నన్ను లోపలికి పిలిచింది. స్టవ్ మీద టీ మరుగుతోంది. గొంతు తగ్గించి అడిగింది.

"అంకుల్, నాన్నని ఇక్కణ్ణుంచి పీకెయ్యాలని నాకేం సరదా లేదు. ఎవరైనా రోజూ ఒక గంట చూసేవాళ్లుంటే ఉండనిస్తాను. ఈ పడవ పనికి వచ్చారు కదా, ఇక ముందూ రోజూ వస్తారా మీరు?"

సరే అనడానికి ఒక్క మాట చాలు. చూద్దాంలే అన్నా ఆ పూటకు గడిచిపోయేది. నిలబడి లెక్క వేసుకున్నాను. నోటిఫికేషన్ వస్తే బ్యాచ్‌లు రెండింతలవుతాయి, మధ్యాహ్నాలు కూడా నావి కావు. ఇంట్లో ఇన్నాళ్లూ పడ్డ మాటలు ఉన్నాయి. మెడ నొప్పి ఉంది. ఎటు నుంచి కూడినా ఆ 'రోజూ' అనే మాటకు సరిపోవడం లేదు.

"రోజు అంటే రాలేనమ్మా. వారంల నాలుగు రోజులు వస్తా. మిగిలిన మూడు రోజులు నన్ను లెక్కపెట్టుకోకు."

ఆమె టీ వడకడుతూ, "ఆ మూడు రోజుల్లోనే గంజి వారుస్తాడు అంకుల్ ఆయన" అంది. నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం గిన్నె మీదే ఉన్నాయి.

ముందు గది నుంచి ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, మాస్టారు చక్కెర వేసుకోరు." మా మాటలన్నీ విన్నారన్నమాట. ఆ ఫ్లాట్‌లో వంటింటికి తలుపు లేదు.

టీ తీసుకెళ్లి ఇచ్చాం. గ్లాసు సగం వరకే నింపి, ఆయన రెండు చేతుల్లో పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి అడిగారు.

"నీ కారు వెనక సీటు ఎంత వెడల్పుంటుందే?"

"ఎందుకు నాన్నా?"

"ఇది అడ్డంగా పడుతుందో లేదో. డిక్కీలో పెడితే తీగలు తెగుతాయి. మాస్టారు అంత కష్టపడి కట్టారు."

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆయన నాకేసి చూసి, "మీరు చెప్పింది సరైన లెక్కేనండీ. రోజూ అంటే ఎవరివల్లా కాదు" అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం ఉంటుందేమోనని విన్నాను. లేదు. ఉంటే బాగుండేది.

కారు తాళం, టేపు తీసుకుని నేనే కిందికి దిగాను. వెనక తలుపు తెరిచి సీటు ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాను. పడవ పెట్టాక కూడా పక్కన ఒక మనిషి కాస్త ఇరుకుగా కూర్చోవచ్చు. పడుతుందని చెప్పడానికి మళ్లీ రెండంతస్తులు ఎక్కాలి. ఎండకు కారు లోపల కాగిపోతోంది. అయినా టేపు చుట్టి జేబులో పెట్టుకుని, కాసేపు ఆ సీట్లోనే కూర్చున్నాను.