బావ చేపల పాయింట్లూ, నా గోరంత కార్డూ

ఈ కథ చివరికి నేను ప్రాణాలతోనే ఉంటాను కాబట్టి మీరేం కంగారు పడకండి. మధ్యలో మాత్రం ఆ నమ్మకం నాకు లేదు. మా బావ సంసారాన్ని నిలువునా ముంచేశానని, ఇక మా అక్క ముఖం చూడలేనని, ఓ వారం పాటు సరిగ్గా అన్నం కూడా తినలేదు. అంతా ఓ మెమరీ కార్డు వల్ల. అబద్ధమెందుకు, నా వల్లే.

బందరు పక్కన గిలకలదిండి హార్బరులో మా బావ నాగరాజుకు మరబోటు ఉంది. సముద్రంలో ఎక్కడ వలేస్తే చేపలు పడతాయో, ఎక్కడ అడుగున రాళ్ళు తగిలి వల చిరుగుతుందో, ఆ చోట్లన్నీ బోటులోని జీపీఎస్ మెషీనులో గుర్తు పెట్టుకుంటారు. వాటిని పాయింట్లంటారు. ఏళ్ళ తరబడి పోగేసిన ఆ పాయింట్లే బావ ఆస్తి. అక్క నగలు ఎక్కడున్నాయో అడిగితే చెబుతాడేమో గానీ పాయింటు మాత్రం చెప్పడు. ఆ మెషీను తెర మసకబారడంతో దాన్ని షాపు వాళ్ళకిచ్చేసి కొత్తది బిగించాల్సి వచ్చింది. పాయింట్లు తీసి దాచే పని నాకప్పగించారు. గుడివాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి మరి, నన్ను మించిన మొనగాడెవడు?

“పెన్‌డ్రైవులో పెట్టరా. తాడు కట్టి మెళ్ళో వేసుకోవచ్చు,” అంది అక్క.

“మెళ్ళో వేసుకుంటే ఊరందరికీ చాటింపు వేసినట్టే గదక్కా.”

“పోనీ, ఎస్ఎస్‌డీ అని ఏదో కొన్నావుగా, అందులో?”

“ఈ కాసిన్ని పాయింట్లకా? ఉప్పు పొట్లానికి లారీ మాట్లాడుకున్నట్టుంటుంది. మెమరీ కార్డయితే గోరంత. రహస్యం ఎంత చిన్న చోట ఉంటే అంత భద్రం.”

“అయితే ఇంకోదాంట్లో కూడా తీసి ఉంచు.”

“రెండు చోట్ల ఉంటే అది రహస్యం ఎలా అవుతుందక్కా?”

ఈ మాట అంటూ గడ్డం కూడా నిమురుకున్నాను. అప్పటికి నాకింకా గడ్డం సరిగ్గా రాలేదు.

పాయింట్లున్న కార్డు చొక్కా జేబులో వేసుకున్నాను. అదే జేబులో ఇంకో కార్డుంది. దాన్నిండా పాత పాటలు. కొండలు మావయ్య తన బోటులో స్పీకరు కోసం ఎక్కించి పెట్టమన్నాడు. మావయ్య అంటున్నానని చుట్టం అనుకునేరు, ఆయన హార్బరులో మా బావకి బద్ధ పోటీదారు. రెండు కార్డులూ నల్లవే, ఒక్కలాంటివే. గట్టు మీద ఆయన కనబడగానే ఒకటి తీసి చేతిలో పెట్టాను. ఆయన బోటు వేటకెళ్ళిపోయింది.

మర్నాడు కొత్త మెషీను బిగించే మెకానిక్ నా దగ్గరున్న కార్డు పెట్టి చూసి, “ఏవండీ, ఇందులో పాయింట్లు లేవండి. పాటలున్నాయండి,” అన్నాడు.

నా కాళ్ళ కింద బోటు ఊగుతోందో, నేనే ఊగుతున్నానో తెలియలేదు. పాత మెషీనుకి తిరిగి వెళ్దామంటే, షాపు వాళ్ళు అందులోవన్నీ శుభ్రంగా తుడిచేశారు.

“ఏంట్రా?” అన్నాడు అప్పుడే బోటెక్కిన బావ.

“ఏం లేదు బావా, చిన్న ఫార్మాట్ సమస్య. గుడివాడ తీసుకెళ్ళి సరిచేసుకొస్తా.”

“తొందరగా తే. అవి లేకపోతే నేను కళ్ళకి గంతలు కట్టుకుని వలేసినట్టే.”

కొండలు మావయ్యకి ఫోన్ చేస్తే అందుబాటులో లేరని ఒకటే పాట. కళ్ళు మూసుకుంటే చాలు, ఆయన మా బావ పాయింట్ల మీద తీరిగ్గా వలేస్తూ కనబడేవాడు. ఇంతలో కోడూరు నుంచి వచ్చిన బోటువాళ్ళెవరో, “కొండలు బోటుకి ఈసారి చేప బాగా పడుతోందంట,” అన్నారు. తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాను.

“ఏరా, అలా ఉన్నావేం?” అంది అక్క.

“ఎండదెబ్బ,” అన్నాను. బయట వాన కురుస్తోంది.

చివరికి ఆయన బోటు వచ్చింది. ఐసు పెట్టెల నిండా చేపలే. వేలం అరుపుల మధ్య తోసుకుంటూ వెళ్ళాను.

“మావయ్యా, నా కార్డు...”

“అడగాలనే అనుకుంటున్నా అల్లుడూ. దాంట్లో ఒక్క పాటా లేదేంట్రా? ఏయో పిచ్చి ఫైళ్ళున్నాయంట. మా బోటు నడిపే సరంగు ఫోన్లో పెట్టి అన్నీ పీకేసి, ఆడి పాటలు ఎక్కించుకున్నాడు.”

రహస్యం బయటపడలేదని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, ఆ రహస్యం ఇక బావకి కూడా లేదని అర్థమైంది. ఐసు పెట్టె మీద కూలబడ్డాను. సిగ్గు విడిచి ఏడుస్తూ ఆయనకే అంతా చెప్పేశాను.

కొండలు మావయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మీ బావ పాయింట్లా? దానికి ఏడుస్తావేంట్రా, అన్నీ నా మెషీన్లో ఉన్నాయిగా!”

“మీ దగ్గరెందుకున్నాయి?”

“ఆడు ఎక్కడ వలేస్తే అక్కడ, ఆడు వెళ్ళిపోయాక నేనెళ్ళి బటన్ నొక్కుతూనే ఉన్నాను, ఏళ్ళ నుంచీ. పట్టుకుపో. నా పేరు మాత్రం ఎత్తావో, చూసుకో!”

“మీరు నా పేరు ఎత్తకండి మావయ్యా, చాలు.”

సాయంత్రానికల్లా కొత్త మెషీనులో పాయింట్లు ఎక్కాయి. బావ ఒక్కొక్కటే చూసుకుని, “శభాష్! ఒక్కటీ పోలేదు,” అన్నాడు. ఇంకా కిందికి జరిపి ఆగిపోయాడు. “ఇవేంట్రా? నేను పెట్టని పాయింట్లు ఇంకా బోల్డున్నాయి?”

కొండలు మావయ్య సొంత పాయింట్లు కూడా కలిపి తెచ్చేశాను!

“కొత్త మెషీను కదా బావా,” అన్నాను చెమట తుడుచుకుంటూ, “దానికి తెలివెక్కువ.”

బావ నమ్మాడో లేదో తెలియదు. ఆ నెలంతా మాత్రం వాటి మీదే వలేశాడు. కొండలు మావయ్య ఇప్పటికీ నాతో మాట్లాడ్డు.

కాబట్టి బందరు సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరైనా పాటలు అడిగితే, ఎంత దూరమైనా సరే, నేనే స్వయంగా వెళ్ళి పాడి వినిపిస్తాను గానీ, కార్డు మాత్రం ఇవ్వను. నా గొంతు ఒకసారి విన్నవాళ్ళు మళ్ళీ అడిగే ప్రమాదం కూడా లేదు.