నలభై సార్లు తొక్కాలి

నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో నా కార్ల రిపేరు షెడ్డు. ఏబీఎస్ బ్రేకుల పని వచ్చినప్పుడు బ్రేకు పెడల్ తొక్కుతూ పైకే లెక్కపెడతాను. షెడ్డులో వినేవాడెవడూ లేడు. పక్క వెల్డింగ్ షాపాయన మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు.

కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి తాళం తీసినా ఏబీఎస్ యూనిట్‌లో ప్రెషర్ అలాగే నిలిచి ఉంటుంది. పైపు విప్పేముందు పెడల్‌ని నలభై సార్లు తొక్కి దాన్ని దించెయ్యాలి. పెడల్ బిగుసుకుపోయిందంటే లోపల ఏమీ మిగల్లేదని అర్థం. బ్యాటరీ వైరు తీయడం, కళ్లద్దాలు పెట్టుకోవడం లాంటి జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి గానీ, అసలుది ఇది. నాకు ఇది నేర్పింది నా భాగస్వామి.

పదిహేనేళ్లు ఆ షెడ్డు మా ఇద్దరిదీ. అతనిది జనగామ వైపు, నాది గోదావరి జిల్లా. ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను బావా అనేవాడు. నా తొందర చూసి, "నువ్వు బువ్వ గూడ నిలవడే తింటవ్ బావ," అని ఆటపట్టించేవాడు.

రెండేళ్ల కిందట ఒకరోజు అలాంటి పనికే అతను కారు కింద పడుకుని నట్టు మీద పానా పెట్టాడు. నేను సీట్లో కూర్చుని తొక్కుతున్నాను. ఉప్పల్ నుంచి ఒక కస్టమర్ తన బండి ఇంకా కాలేదా అని ఫోన్ మీద ఫోన్. నాకు ఒళ్లు మండింది. పన్నెండో తొక్కు దగ్గర ఆపి ఫోనెత్తాను.

"అయ్యిందా బావ?" కింద నుంచి అడిగాడు.

"అయింది, విప్పు," అన్నాను.

బ్రేకాయిలు సూటిగా అతని ఎడమ కంట్లోకి చిమ్మింది. ఆ అరుపు నాకు ఇంకా వినబడుతుంది. దవాఖానాలో డాక్టరుకీ అతని భార్యకీ పైపు పాతదనీ, పగిలిపోయిందనీ చెప్పాను. అతని మంచం పక్కనే నిలబడి చెప్పాను. అతను వింటూనే ఉన్నాడు.

ఆ కంటికి చూపు రాలేదు. షెడ్డు నాకు వదిలేసి నాగారంలో బావమరిది స్పేర్ పార్ట్స్ దుకాణంలో కూర్చున్నాడు. చాలా రోజులు నేను అలవాటుకొద్దీ రెండు చాయ్‌లు చెప్పేవాణ్ణి. వెనక్కి పంపడానికి సిగ్గేసి రెండూ నేనే తాగేవాణ్ణి. ఒంటరితనం ఒక బాధ, దానికి కారణం నేనేనని ఒక్కణ్ణే మోయడం ఇంకో బాధ. రెండేళ్లు అతని ముఖం చూడలేకపోయాను.

మొన్న ఒక చక్రం సెన్సర్ కావాలన్న వంకతో ఉప్పల్‌లో బస్సెక్కి నాగారం వెళ్లాను. అతను తల పూర్తిగా తిప్పి, కుడి కంటితో నన్ను చూసి, స్టూలు జరిపాడు. చాయ్ తెప్పించాడు. నేను గ్లాసు ముట్టకుండానే చెప్పేశాను.

"ఆ రోజు నేను నలభై తొక్కలేదు. పైపు పగల్లేదు."

"నాకెర్కే బావ," అన్నాడు. "కింద నేనే ఉంటి గద, సప్పుడు ఇనవడ్తనే ఉండె. పన్నెండు కాడ ఆపినవ్."

"తెలిసి కూడా ఎందుకు విప్పావు?"

అతను సెన్సర్ డబ్బా తీసి, దుమ్ము తుడిచి, నా ముందు పెట్టాడు.

"నువ్వు అయిందన్నవ్ గద."