పెద్దమ్మ వద్దన్న రోడ్డు

2022 నవంబరు 14, సోమవారం ఉదయం పదకొండు గంటలకు మా పట్టణంలోని ఒక పల్లపు వీధిలో వార్డు సమావేశం మొదలైంది. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి వ్యక్తిని నేను. మునిసిపల్ కార్యాలయంలో ఐదేళ్ల పనుల ప్రణాళిక తయారుచేసే విభాగంలో ఉద్యోగం. ఆ వీధికి వచ్చే ఏడాదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తామని ఇంజనీరు గారు ప్రకటించారు. చప్పట్లు కొడతారనుకున్నాను.

ఆ వీధిలోనే ఉండే మా పెద్దమ్మ లేచి నిలబడింది.

"మాకు రోడ్డు వద్దు నాయనా. కాపురానికి వచ్చిన నాడు మూడు మెట్లు ఎక్కినాను. మీరు రోడ్డు మీద రోడ్డు వేసినారు, ఇప్పుడు రెండు మెట్లు దిగుతున్నా. ఇంకొకటి వేస్తే కిటికీలోంచి దూకాల్సిందే!"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వాయుగుండం పట్టినప్పుడల్లా వీధి నీళ్లన్నీ ఆమె ఇంట్లోకే చేరేవి. గోడలు నానిపోయాయని, ఇలాగే ఉంటే ఇల్లు ఖాళీ చేయక తప్పదని మేస్త్రీ అప్పటికే చెప్పాడు.

"పాతది తవ్వి వేయవచ్చమ్మా. ఖర్చు ఎక్కువ కాబట్టి మీ వంతు మూడో ఏడాదికి పోతుంది," అన్నారు ఇంజనీరు గారు సౌమ్యంగా.

"పోనీండి. గుంతల్లో నడవడం మాకు అలవాటే."

"అక్క మాటే మా మాట సార్," అన్నాడు పక్కింటి దర్జీ.

సొంతవాళ్ల వీధిని నా చేతులతోనే వెనక్కి జరుపుతుంటే మనసు ఒప్పలేదు. ఇంజనీరు గారు అది గమనించారేమో, అంతవరకు వానల్లో నీళ్లు తోడడానికి ఆ వీధికి ఒక పంపును పరికరాల కొనుగోలు జాబితాలో చేర్పించారు.

మూడో ఏడాది పాత పొరలన్నీ తవ్వి రోడ్డు వేశారు. ఇప్పుడు పెద్దమ్మ తన ఇంట్లోకి ఒక మెట్టు ఎక్కి వెళ్తోంది.