అందరూ తిన్నాక

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది గుంటూరు శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో స్టాఫ్ నర్సుగా చేరాను. అంతకుముందు ఐసీయూలో చేసినదాన్ని. ఇక్కడ బీపీ చూసి మాత్రలిస్తే చాలు, ప్రాణానికి సుఖం అనుకున్నాను. సుఖం లేదు, నా మొహం లేదు.

పొదిలి దగ్గర పల్లె నుంచి వెంకాయమ్మ గారు వచ్చారు. మిరప, పత్తి పండించే పెద్ద కుటుంబానికి పెద్దకోడలు. తనని చూసుకునే సొంత కోడలే మంచాన పడటంతో ఆవిణ్ణి మా దగ్గర చేర్చారు. చేరిన దగ్గర్నుంచీ బరువు తగ్గుతూనే ఉన్నారు. పరీక్షలన్నీ బాగున్నాయి, మింగడానికి ఇబ్బంది లేదు. కంచం పెడితే మాత్రం "తర్వాత తింటాలేమ్మా" అనేవారు. చల్లారిపోయిందని ఆయా తీసేసేది.

"తర్వాతంటే ఎప్పుడండీ, ముహూర్తం పెట్టించమంటారా?" అని దెప్పేదాన్ని. నవ్వేసేవారు.

చివరికి డాక్టరు గారు, ఇంకో వారం చూసి రైల్స్ ట్యూబ్ వేద్దామన్నారు. అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం. పెద్దవాళ్ళు దాన్ని పీకేసుకుంటారని ఒక్కోసారి చేతులు మంచానికి కట్టాల్సి వస్తుంది. ఈవిడ చేతులు నేను కట్టలేననిపించింది.

మర్నాడు మధ్యాహ్నం పక్కనే కూర్చున్నాను. అందరికంటే పెద్దావిడని, గౌరవంగా, ఆవిడకే ముందు వడ్డించడం మా పద్ధతి. ఆవిడ కంచం వంక చూడటం లేదు.

"ఎవరి కోసమండీ చూస్తున్నారు?"

"ఆ మూలాయనకి ఇంకా పెట్టలేదు. ఆయన తినకుండా నా నోట్లో ముద్ద ఎట్టా పోద్దమ్మా? మా ఇంట్లో పాలేర్లు తిన్నాక గానీ నేను కూర్చునేదాన్ని కాదు."

సరేనని ఆ రాత్రి ఆఖర్న పెట్టాం. రెండు ముద్దలతో ఆపేశారు. "ఎవరో వడ్డిస్తంటే చేతులు ముడుచుకు కూర్చోటం నామోషీగా ఉంది" అన్నారు.

వడ్డన ఆవిడకే అప్పజెబుదామంటే మేనేజరు గారు ఒప్పుకోలేదు. చేతులు వణుకుతాయి, సాంబారు మీద పోసుకుంటే ఎవరిది బాధ్యత అన్నారు. ఆయన మాటా నిజమే. అందుకని గోంగూర పచ్చడి గిన్నె ఒళ్ళో పెట్టి, వీల్‌చెయిర్‌లో బల్లల మధ్య తిప్పాం.

"ఇంకాస్త వేయించుకో తమ్ముడూ, మొహమాటపడబాక" అంటుంటే ఆవిడ గొంతు హాలంతా వినపడింది. అంత గొంతుందని అప్పటిదాకా మాకు తెలియదు.

అందరూ లేచాక ఆవిడ ముందు కంచం పెట్టాను. దాన్ని పక్కకి జరిపారు.

"నువ్వు తిన్నావా?"

"డ్యూటీ అయ్యాక తింటానండీ."

"అయితే నేనూ అప్పుడే."

ఇక చేసేదేముంది, నా క్యారేజీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. నేను తినడం మొదలుపెట్టాక, మజ్జిగన్నం దాకా కడుపునిండా తిన్నారు. నాకు ఏడుపొచ్చింది. ట్యూబ్ అవసరమే రాలేదు.

ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా, ఏం తింటారని అడిగి వదిలెయ్యను. ఇంట్లో ఎవరి తర్వాత తినేవారని కూడా అడుగుతాను. చాలామంది ఆడవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి. ఆ మాట అంతకుముందు వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు.